కండ్లు తప్ప

శారమ్మ టీచరుకు బడి లేదు, బళ్లున్నాయి. మాక్లూర్‌లో పంతులుకు కామెర్లొస్తే మాక్లూర్, నవీపేటలో పంతులమ్మ కాన్పుకు పోతే నవీపేట. సొంత తరగతి లేని ఈ విద్యా వాలంటీరుకు సొంత ఆస్తి ఒకటే, చేతిసంచిలో చింతబరిగె. కొత్త బడిలో కాలు పెట్టగానే అందరికంటే బలిసినవాణ్ని లేపి వీపు చిట్లగొట్టేది. ఆ రోజుకు అందరికీ అదే పాఠం. తల్లులు కూడా “కండ్లు తప్ప యాడనన్న కొట్టు టీచరమ్మా” అని దీవించి పోయేవారు. ఆ ఒక్క నియమాన్నీ శారమ్మ ఏనాడూ తప్పలేదు.

ఆ వేసవిలో బోధన్‌లో వాలంటీర్లకు శిక్షణ పెట్టారు. అంశం, దండన లేని బోధన. సర్టిఫికెట్ రానివారికి జూన్‌లో పని లేదు. శారమ్మ భర్తకు చెరుకు నరికే కాలంలోనే కూలి. మిగతా ఏడాదంతా ఇల్లు ఆమె మీదే నడవాలి.

శిక్షకుడు తుకారాం సార్ అహింస గురించి బల్ల గుద్ది గుద్ది చెప్పి, ఆమె బరిగె లాక్కున్నాడు.

“శారమ్మా, నువ్వు పాఠం చెప్పు. మిగిలిన వాలంటీర్లు పిల్లల లెక్క నటిస్తరు. నువ్వు ఎవల్నన్న కొడితె సర్టిఫికెట్ లేదు.”

ఏళ్లుగా అల్లరిని చితకబాదినవారికి అల్లరిలో రానిదేముంది? ఎర్రన్న అనే మీసాల బాలుడు బెంచీ ఎక్కాడు.

“టీచర్, నీ బరిగె గుంజుకున్నరట! ఇగ మాకేం భయం?”

“కూసో ఎర్రన్నా.”

“కూసోను. కొట్టు సూద్దాం!”

అంటూ పలక విసిరాడు. శారమ్మ కనుబొమ్మ చిట్లి నెత్తురు కారింది. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని, “ఏడో ఎక్కం సెప్పుండ్రి,” అంది. ఎర్రన్న రెండో పలక ఎత్తాడు.

అహింసకు ఓపిక అంతవరకే. తుకారాం సార్ ఆమె బరిగెతోనే ఎర్రన్న మీద పడ్డాడు. వీపు, మెడ, చెవి. ఎర్రన్న బాల్యం మరచి సార్ తలను గోడకేసి కొట్టాడు. సార్ బరిగె మళ్లీ లేచింది, ఈసారి మొహం మీదికి.

“కండ్లు తప్ప సార్! కండ్లు తప్ప!”

శారమ్మ కుడిచెయ్యి అడ్డం పెట్టింది. చూపుడువేలు ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది.

ఉబ్బిన నుదుటితో సార్ సర్టిఫికెట్ మీద సంతకం చేశాడు: దండన లేకుండా బోధించగలదు.

జూన్‌లో ధర్పల్లి బడికి పంపారు. విరిగిన వేలు మడత పడదు, బరిగె పట్టలేదు. మొదటిరోజే రాములవ్వ అనే తల్లి తన కొడుకును ముందుకు తోసి, “కండ్లు తప్ప...” అని మొదలుపెట్టింది. శారమ్మ వేలు చూపించింది.

“అయ్యో! గట్లయితె పిల్వు టీచరమ్మా,” అంది రాములవ్వ కొంగు బిగించి, “నేనే అచ్చి కొడ్త.”