బావగారి స్లైడ్‌షో

మా ఆఫీసు వెబ్‌సైటును పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో కట్టి, ఏళ్లుగా కాపలా కాస్తున్న మనిషిని అందరం బావగారనే పిలుస్తాం. సైటులోకి స్క్రిప్టనే కొత్త కోడు ముక్క ఏదొచ్చినా పెళ్లిసంబంధం చూసినట్టు చూస్తాడు. "దీని వెనకాల ఇంకెవరెవరు దిగుతున్నారు? ముందు ఎవరు రావాలి?" అని ఆరా తీసి, మీసం దువ్వుకుని గానీ లోపలికి రానివ్వడు. కంప్యూటర్ ఫ్యాన్ మోత విని ఏ ఫైలు ముందు లోడయిందో చెప్పేస్తాడు. నేను పక్కనే ఉండి చూశాను, నమ్మకపోతే మీ ఖర్మ. మొదటి పేజీలో ఫొటోలు ఒకదాని వెంట ఒకటి జారే స్లైడ్‌షో ఆయన సొంత చేతిపని. దాని మీద ఈగను కూడా వాలనివ్వడు.

మొన్న ఆయన సెలవులో ఉండగా, కొత్తగా చేరిన అమ్మాయి తన మొదటి పనిగా అదే పేజీలో బుకింగ్ కేలెండర్ పెట్టింది. తేదీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. భోజనాలవగానే యజమాని చూడటానికొస్తాడు. పిల్ల కళ్లల్లో నీళ్లు. సెలవు ముగించుకుని అప్పుడే వచ్చిన బావగారు తెర మీదికి వంగాడు. కేలెండర్‌కి కావాల్సింది లైబ్రరీ అనే రెడీమేడ్ కోడు మూటల్లో కొత్తది, స్లైడ్‌షో బతికేది పాతదాని మీద. రెండూ లోడై ఒకదాని పీక ఒకటి పట్టుకున్నాయి. "నాదే తీసేస్తాను బావగారూ," అందామె. "ఊరుకో తల్లీ," అంటూ ఆయన స్లైడ్‌షోనీ పాత లైబ్రరీనీ పీకేశాడు. తేదీలు కదిలాయి. "అయ్యో, అది మీరు..." అందామె. "దానికి మోకాళ్ల నొప్పులమ్మా. ఎన్నాళ్లని మోస్తాం?" యజమాని కేలెండర్‌ని మెచ్చుకుని వెళ్లాక, ఆమె మెల్లగా, "కొత్త లైబ్రరీ మీద స్లైడ్‌షో మళ్లీ రాద్దామా?" అంది. "పనీ పాటా లేదా నీకు?" అని కసురుతూనే, బావగారు పక్క కుర్చీలో ఉన్న తన సంచి తీసి కింద పెట్టాడు.