యాకయ్య ఇంటి చప్పిడి కూర

2022 వానాకాలం. అప్పుడు నేను మహబూబాబాద్‌లో ఒక గుండె దవాఖానలో డైటీషియన్‌ని. రోగి ఏం తింటున్నాడో కనుక్కుని, ఏం తినాలో చెప్పడం నా పని. నిన్న పొద్దుటి నుంచి ఇవాళ పొద్దుటి దాకా నోట్లో పెట్టుకున్నదంతా గుర్తు చేయించి అడుగుతాం. దాన్నే డైట్ రీకాల్ అంటారు.

గూడూరు దగ్గరి రైతు యాకయ్య ఊపిరాడక రెండోసారి చేరాడు. అతనిది హార్ట్ ఫెయిల్యూర్. అంటే గుండె ఆగిపోవడం కాదు, రక్తాన్ని తోసే బలం తగ్గిపోవడం. అలాంటివారికి ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. అతని కాళ్లు మోకాళ్ల దాకా ఉబ్బి, మడత పడటం లేదు.

"నిన్న ఏం తిన్నారు?"

"అందరు తిన్నదే తిన్న మేడం."

"మీకు వేరే వండమని మీ భార్యకు చెప్పాను కదా?"

"వండింది. నేనే ముట్టలే." గోడవైపు తిరిగాడు. "అమ్మ బతికుండంగ నాకు వేరే గిన్నె ఏంది? అన్నదమ్ములు వేరుపడ్డరని ఊరోళ్లు అనుకోరా?"

"మళ్లీ ఇట్లా అయితే దవాఖాన దాకా కూడా రాలేరు."

"రాకుంటె రాకపాయె. కుండ వేరు చేసినోడన్న పేరు నాకొద్దు."

అతన్ని మూర్ఖుడనుకోలేకపోయాను. మాది కొడకండ్ల వైపు పేరున్న కుటుంబం. ఎందుకు చితికిపోయారని అడిగేవాళ్లకు నేను జవాబు చెప్పను. ఒక్కటి మాత్రం తెలుసు. తాతగారి అన్నదమ్ముల వంటిళ్లు వేరైన రోజునే మా పెద్దరికం పోయింది. పొలాలు ఆ తర్వాత పోయాయి.

మంచం పక్కన నేలమీద కూర్చున్న అతని తల్లి నర్సమ్మ తలెత్తింది. "బిడ్డా, ఉప్పు లేని కూర తింటె మాకేమన్న అయితదా?"

"ఏమీ కాదవ్వా. ఎండలో పనిచేసేవాళ్లు కంచంలో కొంచెం కలుపుకుంటే చాలు."

"అయితె కుండల ఉప్పే బంజేస్తం."

"పోరగాండ్లు తింటరానే అమ్మా?" అన్నాడు యాకయ్య.

"ఆకలైతె వాళ్లే తింటరు. నువ్వు జర సప్పుడు జెయ్యకు, ఊపిరి దాసుకో."

ఆ మాట వారం కూడా నిలవదనుకున్నాను.

చలికాలంలో అతని తమ్ముడు కొమురయ్య కూతురి పుట్టువెంట్రుకలకు నన్ను పిలిచారు. చుట్టాలతో పెద్ద బంతి సాగింది. ప్రతి విస్తరి మూలనా చిటికెడు ఉప్పు పెట్టారు. మేకకూర వండిన గంజులో మాత్రం ఉప్పు లేదు.

మొదటి ముద్దకే ఒక చుట్టం చెయ్యి ఆపాడు. "ఏంది బావా, మేకను కొన్నరు గని ఉప్పు కొనలేదా?"

వడ్డిస్తున్న కొమురయ్య తొణకలేదు. "కొన్నం బావా. నీ ఆకుల ఉంది, కలుపుకో. గీ గంజుల మా అన్న తింటడు."

ఆ చుట్టం ఉప్పు కలుపుకుని రెండో ముద్ద ఎత్తాడు. బంతి నడుమ యాకయ్య కాళ్లు మడుచుకు కూర్చుని, అందరూ తినే కూరే తింటున్నాడు.

విందులో కూర చప్పగా ఉందన్న మాట పడటం ఎంత నామోషీనో, పరువు మీద బతికిన ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలుసు. ఆ మాటను వాళ్లు ఇంతమంది ముందు తలెత్తుకుని పడ్డారు. నా ఆకులోని ఉప్పు నేను ముట్టుకోలేదు.

ఇప్పుడు భూపాలపల్లిలో పనిచేస్తున్నాను. డైట్ రీకాల్‌లో నా మొదటి ప్రశ్న మారింది. ఏం తిన్నారని అడిగే ముందు, ఎవరెవరు కలిసి తింటారని అడుగుతాను. వాళ్లంతా వచ్చి కూర్చునేదాకా ఉప్పు మాట ఎత్తను.