మేనత్త ఏరిచ్చిన నాలుగో పుస్తకం

మా మేనత్త కేసముద్రంల కన్నుమూసిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఏడ్వలేదు. ఇంట్ల దానికే వంక పెట్టిండ్రు. "పుస్తకాలు చదివి చదివి దీని గుండె బండయింది" అన్నది అమ్మ, నాకు వినపడేటట్టే. ఏడుపు రాక కాదు. ప్రత్యేక రాష్ట్రం కోసం చేసే సమ్మెల బస్సులు బంద్, రైలు పట్టాల మీద జనం కూసున్నరు. జనగామ నుంచి అంత దూరం ఎట్ల పోవాల్నన్న పరేషానే ముందుగాల వచ్చింది. ఆఖరికి అన్న బండి మీద పోయినం.

మేనత్త సర్కారు దవాఖానల నర్సుగ చేసి రిటైరయింది. ఇంట్ల ఒక్కతే. పొద్దుగాల చాయ్ తాగుకుంట చదివేది. పేజీ తిప్పేటప్పుడు మేం వేలు నాలుకకు అద్దుకుంటే చెయ్యి మీద ఒక్కటిచ్చేది.

డిగ్రీల చేరిన కొత్తల నాకు నవలల పిచ్చి. ఒకటి ఒడిసినంక ఇంకోటి. "రోజూ బువ్వల పప్పే ఏసుకుంటవా బిడ్డా?" అని నవ్వింది. అప్పటి నుంచి ఇద్దరం నెలనెలా ఏమేం చదవాల్నో అనుకునేటోళ్లం. ఒక నవల, ఒక మనిషి జీవితం, సైన్సో చరిత్రో ఒకటి. నాలుగోది మాత్రం మనకు నచ్చని రకం. అది ఎదుటి మనిషి ఏరియ్యాలె.

"నచ్చినయి నువ్వు ఎట్లన్న చదువుతవు. నచ్చనిది నా కోసం చదువు" అనేది.

నాకు కవిత్వం ఎక్కది. ఆమెకు దయ్యాల కథలంటే వణుకు.

"శవాల గది పక్కన నైట్ డ్యూటీలు చేసినవు గద అత్తా!"

"గా శవాలు సప్పుడు చేయకుంట పండుకునేటియే. నీ పుస్తకంల లేచి తిరుగుతున్నయి గదనే!"

సమ్మెకు కాలేజీ మూతపడంగనే ఫోన్ల మాట్లాడుకొని ఆ నెల పుస్తకాలు అనుకున్నం. పొద్దంత నేను దీక్ష శిబిరంల, నిరసనగ రోడ్డు మీద చేసే వంటల కాడ ఉండేదాన్ని. సందు దొరికినప్పుడు నాలుగోదిగ ఆమె ఏరిచ్చిన కవితల పుస్తకం చదివిన. అండ్ల ఒకటి నాకు నిజంగనే నచ్చింది. ఆ మాట చెప్తే ఎంత సంబురపడ్డదో!

"ఫోన్ల చదివి వినిపియ్యకు. రైళ్లు నడిచినంక రా, నా ముందట కూసోని చదువు."

రైళ్లు నడవకముందే ఆమె పోయింది. రోడ్డు మీద కూసున్నందుకు నాకు చింత లేదు. ఆ కవిత ఆమెకు వినిపియ్యలేకపోయిన, అదొక్కటే మనసుల ముల్లు లెక్క ఉన్నది. ఫోన్లనే చదివితే ఏమవుతుండె? ఇప్పటిదాక ఇంకెవ్వలకూ చదివి వినిపియ్యలేదు.

దినాలైనంక బాపు ఆమె అల్మారీ ముందట నిలబడ్డడు.

"రాష్ట్రం వస్తే కొలువులు పడ్తయి బిడ్డా. హైదరాబాద్‌ల కోచింగ్‌కు పంపిస్త. ఇగ గైడ్లు తప్ప ఏదీ ముట్టకు. ఇవన్నీ పాత పేపరాయనకు ఏద్దాం. అక్కకైతే పని లేకుండె, చదివింది."

"పని లేకనా బాపూ? డ్యూటీ దిగొచ్చి, వండుకొని, అప్పుడు చదివింది. నువ్వు ఎన్నడన్న చూసినవా?"

 బాపు అల్మారీ తలుపు మూసి వాకిట్లకు పోయిండు.

నేను ఆ తలుపు తెరిచి, పుస్తకాలన్నీ సంచులల్ల నింపిన. చిన్న సంచులు హ్యాండిల్‌కు తగిలించి, పెద్ద సంచి బండి మీద అన్నకూ నాకూ నడుమ పెట్టుకున్నం. రోడ్డు పొడుగునా గుంతలే.

"నీ పుస్తకాలు నా వీపుల గుచ్చుతున్నయే!" అని తిట్టుకుంటనే నడిపిండు అన్న. నేను సంచిని రెండు చేతులతోటి పట్టుకొని కూసున్న.

గైడ్లు తప్ప ఏదీ ముట్టొద్దంటే నేను కోచింగ్‌ల చేరుతలేను. బాపుకు చెప్పిన.