చాచా కాలు కదపలేదు

మొన్న మనవరాలి పెళ్లి పత్రికలు పంచడానికి కరీంనగర్ రోడ్డు మీద పోతుంటే, అలియాబాద్ దగ్గర కారు ఆగిపోయింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారట. ఒక అమ్మాయి మూడుకాళ్ల స్టాండు మీది దుర్భిణిలోంచి ఒంటికన్నుతో చూస్తోంది. దూరంగా ఎండలో ఒక పెద్దాయన, అంకెలు వేసిన పొడవాటి పట్టీని నిలువుగా పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన పాదాల వైపే చూస్తూ కూర్చున్నాను. బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటున్నాడు, దానితో పట్టీ కూడా ఊగుతోంది. "ఏంది సార్, గట్ల చూస్తున్నరు?" అన్నాడు డ్రైవర్. ఏమీ లేదన్నాను. ఎనభై దాటినవాడు ఏమీ లేదంటే ఎవరూ మళ్లీ అడగరు. ముసలితనంలో అదొక సుఖం.

మేం చదివిన ఇంజనీరింగ్ కాలేజీ ఇప్పుడు దేశమంతా పేరుమోసిన సాంకేతిక విశ్వవిద్యాలయం. గేటు దగ్గర నన్నే ఎవరని అడుగుతారు. నలభైల్లో నేను అత్వెల్లి నుంచి వచ్చి చేరినప్పుడు నాలుగు గదులు, ఒక రేకుల వర్క్‌షాపు, ఒక హాస్టలు, అంతే. చదువంతా ఉర్దూలో. మా తెలుగు పిల్లలం లెక్క నోట్లో తెలుగులో చేసుకుని జవాబు మాత్రం ఉర్దూలో చెప్పేవాళ్లం. షేర్వానీ గుండీలు మెడదాకా బిగించి కొలిమి ముందు చెమటలు కక్కేవాళ్లం. హాస్టలు పప్పు ఎంత పల్చనంటే, నా గదిలో ఉండే మిత్రుడు ఒకనాడు దాని లోతు కొలవడానికి స్కేలు పట్టుకొచ్చాడు. మెస్ వంటవాడు వారం రోజులు అతనికి రొట్టె వడ్డించలేదు.

ఏటా చలికాలంలో షామీర్‌పేట చెరువు దగ్గర డేరాలు వేసి పదిహేను రోజులు సర్వే క్యాంపు పెట్టేవారు. కట్ట పక్కన బండ మీద చెక్కిన గుర్తు నుంచి బయల్దేరి, నేల ఎత్తుపల్లాలు కొలుచుకుంటూ అలియాబాద్ దాకా పోయి, మళ్లీ ఆ గుర్తు దగ్గరికే రావాలి. తిరిగొచ్చేసరికి లెక్క మొదటి అంకెకే తేలాలి. తేలలేదంటే ఎక్కడో తప్పు జరిగినట్టు. మాకు పట్టీ పట్టే ఖలాసీ లాల్‌గడి మలక్‌పేట రైతు. అందరం చాచా అనేవాళ్లం. పట్టీ ఒకసారి ఆనించాడంటే, మేము చెయ్యి ఊపేదాకా కాలు కదిపేవాడు కాదు. ఒకనాడు చెయ్యి ఊపడం మరిచి మేము చాయ్ తాగడానికి పోయాం. వచ్చేసరికి అక్కడే ఉన్నాడు, పిక్కల నిండా కొరివి చీమలు. "జల్దీ చూడుండ్రి బేటా, చీమలు మస్తు గరం మీదున్నయి," అన్నాడు. మేము నవ్వాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు.

దుర్భిణిలో చూసి అంకెలు రాసే వంతు నాకు వచ్చిన రోజు, లెక్క సరిగ్గా ఒక అడుగు తేడా వచ్చింది. క్యాంపులో తప్పితే ఏడాదంతా మళ్లీ చదవాలి. మా నాయిన అప్పటికే ఊరంతా నన్ను ఇంజనీరు చేసేశాడు. క్యాంపు నడిపే ప్రొఫెసర్ సాబ్ నా కొలతల పుస్తకం తీసుకుని, పేజీ అడుగున సరిచూసే లెక్క చేశావా అని అడిగాడు. చేశానన్నాను. చేయలేదు. దారిలో ఒకచోట పట్టీని అడుగెత్తు రాయి మీద పెట్టాల్సి వచ్చింది. నేను దుర్భిణి అటునుంచి ఇటు మార్చుకునేలోగా చాచా దాన్ని నేల మీదికి దించి ఉంటాడని సాబ్ అనుమానించాడు. "నై సాబ్, నేను కదల్లే," అన్నాడు చాచా. సాబ్ నా వైపు చూశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "దించాడేమో" అన్నాను నేను. పదిమంది ముందు. వయసు మీద పడింది, రేపటి నుంచి రావద్దని సాబ్ మెల్లగానే చెప్పాడు. చాచా భుజం మీది తువ్వాలతో పట్టీ తుడిచి, నా డేరాకు ఆనించి వెళ్లిపోయాడు. మర్నాడు వేరే ఖలాసీతో మళ్లీ కొలిస్తే లెక్క తేలింది. ఇంకేముంది, తప్పు చాచాదేనని అందరూ నమ్మారు.

వారం తర్వాత హాస్టల్లో, పటం గీయడానికి పాత పేజీ తిరగేస్తుంటే కనబడింది. ఐదు పాయింటు పన్నెండు అడుగుల్లోంచి రెండు పాయింటు ఎనభై ఏడు తీసేసి, రెండు పాయింటు ఇరవై ఐదు రాయాల్సినచోట మూడు పాయింటు ఇరవై ఐదు రాశాను. పక్క నుంచి తెచ్చుకున్న ఒకటిని తగ్గించడం మరిచాను. మూడో క్లాసు పిల్లవాడి తప్పు. పుస్తకం మూసేశాను. ఎవరికీ చెప్పలేదు.

పది నెలలు మోశాక ఒక శుక్రవారం సైకిలు తొక్కుకుంటూ లాల్‌గడి మలక్‌పేటకు పోయాను. చాచా మిరప చేనుకు నీళ్లు కడుతున్నాడు. గట్టు మీద నిలబడి అంతా చెప్పి, మాఫీ అడిగాను. ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. మడవ తిప్పుకుంటూ, "నాకు చెప్తే ఏమొస్తది బేటా? నేను కదల్లేదని నాకెరికే గద. సాబ్‌కు చెప్పు. గా దినం ఎవరెవరున్నరో, గాళ్ల ముందట చెప్పు," అన్నాడు.

వచ్చే క్యాంపులో, ఆ బండ దగ్గరే చెబుతానని మాటిచ్చాను. క్యాంపుకు ఇంకా రెండు నెలలుంది. సాబ్ గది ముందు మూడుసార్లు నిలబడి, అందరి ముందు కదా చెప్పమన్నాడు, క్యాంపులోనే చెబుదామని నాకు నేనే సర్దిచెప్పుకుని వెనక్కి వచ్చాను. పిరికివాడికి సాకులకేం కొదవ. ఆ ఏడు సంస్థానంలో రోజులు చెడ్డాయి. క్యాంపు జరగలేదు. హాస్టలు ఖాళీ అయింది. అంతా సద్దుమణిగి మేము తిరిగొచ్చేసరికి ప్రొఫెసర్ సాబ్ గదికి తాళం ఉంది. కుటుంబంతో సహా కరాచీకి వెళ్లిపోయాడన్నారు.

ఆ సంగతి చెబుదామని మళ్లీ ఊరికి పోతే చాచా లేడు. వానాకాలంలో జ్వరం వచ్చి పోయాడట. చాచీ నన్ను మంచం మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఆమె అడిగింది ఒక్కటే.

"సాబ్‌కు చెప్పినవా బేటా?"

"చెప్పిన చాచీ."

"ఏమన్నడు?"

"చాచా తీర్గ నిలబడెటోడు ఇంకోడు లేడన్నడు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గా మాట ఆయన చెవుల వడితే మంచిగుండు," అంది.

తప్పు పడితే రబ్బరు వాడొద్దు, ఆ అంకె కనబడేలా గీటు కొట్టి పైన సరైనది రాయాలని సాబ్ మొదటి రోజే చెప్పాడు. అందుకే రాస్తున్నాను. సరిచూశానన్నాను, చూడలేదు. సాబ్‌కు చెప్పానన్నాను, చెప్పలేదు. చాచా కాలు కదపలేదు. ఆ రోజు డేరా ముందు నిలబడ్డవాళ్లలో ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను. తప్పు దిద్దుకోమని కాలం నాకు ఇన్నేళ్లిచ్చింది, వినవలసిన వాళ్లను మాత్రం ఒక్కొక్కరినే తీసుకుపోయింది.