పత్తి బండ్ల నడుమ తిరగని ఇంజను

మొన్న ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోతూ దారిలో టీ తాగి కారెక్కామో లేదో, మా అల్లుడి కొత్త కారు బటన్ ఎంత నొక్కినా ఉలకలేదు, పలకలేదు. అద్దాలు దిగవు, ఫ్యాను తిరగదు, తలుపు తీద్దామంటే బయట కుండపోత వాన. అల్లుడు ఎవరికో ఫోను చేసి, కంప్యూటరు పట్టుకొని మనిషి వస్తున్నాడు, అంతవరకూ ఏదీ ముట్టుకోవద్దు మామా అన్నాడు. ముందు సీట్లో నేను, వెనక నా భార్య, జాడీలో ఊరగాయ ముక్కల్లా మగ్గుతూ కూర్చున్నాం. అయినా కారులో ఇరుక్కోవడం నాకు కొత్తేం కాదు, నాకు పెళ్ళి కుదిరిందే ఇరుక్కున్న కారులో.

లెక్కల అయ్యవారికీ నాకూ పొత్తు కుదరక ఏడో తరగతిలోనే బడి మానేసి, మా పెదనాన్న పాత నల్ల కారుకు డ్రైవరునూ, మెకానిక్కునూ, అవసరమైతే తోసేవాణ్ణీ నేనే అయ్యాను. మన ఈడువాళ్ళకు చెప్పేదేముంది, ఆ రోజుల్లో ఇంజను తిరగకపోతే ముందు నుంచి హ్యాండిలు పెట్టి తిప్పడమో, వెనక నుంచి నలుగురం తోయడమో తప్ప, ఎందుకు తిరగలేదని దాన్ని అడిగిన పాపాన ఎవరమూ పోలేదు.

అప్పట్లో ఎమ్మిగనూరులో ఒక మగ్గాల ఇంటి పిల్లను నాకు అడిగారు. పిల్ల నాయన ఆదోనిలో అంగళ్ళకు చీరలు వేయడానికి వచ్చి, నేను నడిపే కారులోనే ఇంటికి పోతూ దారిలో పిల్లవాడి సంగతి తేల్చుకుంటానన్నాడు. నచ్చితే ఆ మధ్యాహ్నం రాహుకాలం రాకముందే తాంబూలం ఇస్తాడు, లేదంటే పత్తికొండ నుంచి గుమాస్తా పిల్లవాడి తరఫువాళ్ళు సాయంత్రానికి రానే వస్తున్నారు. జాతరలో ఆ పిల్లను ఒక్కసారి చూసి ఉన్నాను నేను, అంతకుమించి చెబితే ఈ వయసులో బాగుండదు.

పత్తి సీజను కావడంతో మార్కెట్ యార్డు రోడ్డులో ఇరుక్కుపోయాం. ముందు ట్రాక్టరు ట్రాలీ, వెనక ఎద్దుల బండి, రెండు పక్కలా తలుపులు తెరుచుకోనివ్వకుండా ఉబ్బిన పత్తి బోరాలు. వేడెక్కుతుందని ఇంజను ఆపి, కాసేపటికి మళ్ళీ తాళం తిప్పితే తిరగలేదు. హ్యాండిలు దూర్చడానికి ముందు జానెడు జాగా లేదు, తోయడానికి వెనక ఎద్దులు ఒప్పుకోవు. లోపల ఉడుకు, ముక్కులోకి దూరే పత్తి దూగర, కాబోయే మామ. భయం కనపడకుండా ఎద్దుల మీదా బోరాల మీదా గుక్క తిప్పుకోకుండా జోకులు వేస్తూ పోయాను.

“నీ నోరు తిరిగినట్ల ఈ ఇంజను తిరగదేమప్పా?” అన్నాడాయన, గడియారం వైపు చూసుకుంటూ.

నా కొత్త చొక్కా చూసి ట్రాక్టరు డ్రైవరు కూడా అందుకున్నాడు. “పెండ్లికొడుకా, మా ట్రాలీకి కట్టుకో. వచ్చే సీజనుకన్నా ఎమ్మిగనూరు సేరుస్తాం!”

ఇక గత్యంతరం లేక కిటికీలోంచి పాక్కుంటూ బయటపడి, మడ్‌గార్డు మీద కూర్చొని బానెట్ ఎత్తి, మామను ముందు సీట్లోకి జరిపి తాళం ఆయన చేతిలో పెట్టాను. లైట్లు వేయిస్తే ట్రాలీ పలక మీద వెలుతురు బాగానే పడింది, అంటే బ్యాటరీ చావలేదు. తాళం తిప్పగానే మాత్రం ఆ వెలుతురు చటుక్కున ఆరిపోయింది. కరెంటు ఉంది, బరువు పడేసరికి దారిలో ఎక్కడో ఇరుక్కుంటోంది, అచ్చం మా మాదిరే. ఎక్కడో తెలియాలంటే చెవి పెట్టి వినాలి. ట్రాక్టరాయనకు దండం పెట్టి ఇంజను ఆపించి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాను. మామ తాళం తిప్పిన ప్రతిసారీ బ్యాటరీ దగ్గర ఆవాలు చిటపటలాడినట్లు సన్నటి చప్పుడు. చెయ్యి పెడితే ఒక టెర్మినల్ చుర్రుమంది.

శుక్రవారం వస్తే చాలు, మా పెద్దమ్మ బానెట్ ఎత్తించి మరీ బ్యాటరీకి పసుపు రాసి బొట్టు పెట్టేది. ముత్తయిదువలా కళకళలాడేదానికి రోగముంటుందని ఎవరికి తోస్తుంది? పసుపు గీకితే కింద తెల్లగా, మందంగా చిలుము. నేను అడగకముందే మామ నూలు కోసే తన చాకు కిటికీలోంచి అందించాడు. వైరు విప్పి, రెండు వైపులా మెరిసేదాకా గీకి బిగించాక ఆయన తాళం తిప్పితే ఇంజను గుర్రున లేచింది.

ఇంజనైతే లేచింది గానీ ట్రాలీ అంగుళం కదల్లేదు. రాహుకాలం ముంచుకొస్తోంది. పత్తికొండ గుమాస్తా నా కళ్ళ ముందు పెళ్ళిపీటల మీద కూర్చున్నాడు. అంతలో బండ్ల సందులోంచి పోతున్న ఆకువక్కల ఆమెను మామ కేకేసి, ఆకులూ వక్కలూ కొని, నా మసి చేతుల్లోనే పెట్టేశాడు.

“ఇంజను తిరిగిందని కాదప్పా ఇచ్చేది. ఇంతసేపు నోరు మూసుకోని ఇన్నావు సూడు, మా పాప మాట గూడా అట్లనే ఇంటావని.”

మామ పోయి చాలా కాలమైంది. ఇప్పటి కార్లకు నోరే లేదని వానలో చిక్కుకున్న ఆ కారులో నేను మళ్ళీ ఒక జోకు వేసి, అల్లుణ్ణి ఒక్కసారి బటన్ నొక్కమని చెవి ముందుకు ఒగ్గాను. ఏమీ వినపడలేదు, చూశావా అన్నట్టు వెనక్కి తిరిగాను.

“టక్ టక్ మంటాంది గదా, ఇనపడల్యా నీకు?” అంది నా భార్య.

మారింది కార్లేనని, నా చెవులు కాదని ఇన్నాళ్ళూ ఎగతాళి చేస్తూ వచ్చాను. అల్లుణ్ణి మళ్ళీ నొక్కమన్నాను. ఆమె సీట్ల నడుమ నుంచి ముందుకు వంగి కళ్ళు మూసుకొని వింటోంది. నేను నోరు మూసుకొని ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను.