గాజుల దుకాణానికి నా గొంతు

మా అక్క నోరు పెద్దది. మహబూబాబాద్ స్టేషన్ దగ్గర గాజుల దుకాణంలో కూర్చుని పిలిచిందంటే, రైలు కోసం పరుగెత్తేవాళ్లు కూడా ఒకసారి వెనక్కి తిరిగేవాళ్లు. అలాంటి మనిషికి గొంతు ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. మనిషి దక్కింది, అదే పదివేలు అన్నారంతా. అక్క మాత్రం దుకాణం షట్టర్ ఎత్తడం మానేసింది.

నేను జనగామలో ఇంటి నుంచే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తాను. బటన్ నొక్కితే మాట వినిపించే ప్రోగ్రాం ఒకటి రాసి, పాత లాప్‌టాప్‌లో పెట్టి తీసుకెళ్లాను. అది ఆ లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా నడవదు. పట్టుబట్టి దుకాణం తీయించాను. లాప్‌టాప్ మేలుకునేలోపే గిరాకీ పక్క దుకాణానికి పోయింది. రాసి చూపిద్దామంటే చదవలేనివాళ్లే ఎక్కువ. అక్క దాన్ని మూసి నా సంచిలో పెట్టేసింది. నాకు ఒళ్లు మండింది, అక్క మీద కాదు, నా తెలివి మీద.

ఇంటికొచ్చి మొత్తం జావాస్క్రిప్ట్‌లోకి తిరగరాశాను. వెబ్ పేజీలా తెరుచుకుంటుంది, ఏ ఫోన్‌లోనైనా నడుస్తుంది అని మురిసిపోయాను. నా ఫోన్‌లో భేషుగ్గా మాట్లాడింది. అక్క ఫోన్‌లో మూగబోయింది. రాసింది చదివి వినిపించే తెలుగు గొంతే అందులో లేదు! నా ఫోన్‌లో వచ్చిన "దయచేసి కూర్చోండి"ని రికార్డు చేసి పంపితే, అక్క మెసేజ్ పెట్టింది.

"గీ వార్తలు చదివే ఆమె నాకొద్దు. నువ్వే మాట్లాడు. మనిద్దరిది ఒక్కటే గొంతు గదా."

నిజమే. ఫోన్‌లో మా నాయినకే తేడా తెలిసేది కాదు. అక్క ఒక్కో మాట రాసి పంపుతుంటే, నేను పలికి, రికార్డు చేసి, ఒక్కో బటన్‌కు తగిలించాను. "దా బిడ్డా, కూసో." "చెయ్యి జర మెత్తగ పెట్టు." బేరమాడేవాళ్ల కోసం "నాకు తెల్వదా నీ సంగతి?" చివరగా "ఏందే, తిన్నవా?" అని వచ్చింది.

"గిరాకీని గట్ల పిలుస్తవా అక్కా?" అని రాశాను.

"చెప్పిన పని చెయ్యి."

మాట పోయినా పెత్తనం పోలేదు. చేశాను.

మర్నాడు మధ్యాహ్నం బావ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే బావ పలకలేదు. గాజుల చప్పుడు వినిపించింది. "ఇంకింత తగ్గియ్యక్కా" అని ఎవరో ఆడమనిషి బతిమాలుతోంది. దుకాణం తీసి ఉంది! ఊపిరి బిగబట్టి విన్నాను. అంతలో ఫోన్‌కు బాగా దగ్గరగా నా గొంతే నన్ను అడిగింది.

"ఏందే, తిన్నవా?"

ఆపరేషన్‌కు ముందు రోజూ ఈ వేళకు ఫోన్ చేసి అక్క మొదట అడిగే మాట అది. ఏడుపు ఆగలేదు.

"తిన్ననక్కా," అన్నాను. తినలేదు.

అటువైపు అక్క ఇంకో బటన్ నొక్కింది.

"నాకు తెల్వదా నీ సంగతి?"