గోడ పక్క తెల్లమద్ది

తెల్లమద్దిని గోడకు ఎంత ఎడంగా నాటాలో మాకు తెలియలేదు. ఇబ్రహీంపట్నంలో ఇల్లు కట్టుకున్న ఏడాది మా అత్తమ్మ తన ఊరు మంచాల నుంచి మోకాలెత్తు మొక్కను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ప్రహరీకి రెండు గజాల ఇవతల గుంత తీసి నాటాం. పక్క ప్లాటు అప్పుడు ఖాళీ. రెండు ఎండాకాలాలు బియ్యం కడిగిన నీళ్లన్నీ దానికే పోశాం.

ఔటర్ రింగురోడ్డు వచ్చాక ఆ ప్లాటులో మూడంతస్తులు లేచాయి. చెట్టూ మా డాబా దాటింది. వేళ్లు గోడను పగలగొట్టాయి. పక్కింటాయన గొడవపడటంలో న్యాయం ఉంది. అటువైపు కొమ్మలన్నీ కొట్టించాం. ఆయనకు చాలలేదు.

ఒక ఆదివారం పొద్దున, మా ఆయన ఊళ్లో లేనప్పుడు, కోత మిషన్‌తో ఇద్దరిని వెంటబెట్టుకుని పక్కింటాయన గేటు తోసుకొచ్చాడు.

“మొదలుకే కోయిస్త. ఎవలడ్డమొస్తరో చూస్త.”

అత్తమ్మ చెట్టును కావలించుకుంది. “ముందుగాల నన్ను కొయ్యుండ్రి!”

మిషన్ పట్టిన మనిషి ఆగిపోయాడు. పక్కింటాయన ఆగలేదు. ఆమె జుట్టు పట్టి గుంజాడు. వదలకపోతే చేయి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు వంటింటి గుమ్మంలో ఉన్న నాకు వినిపించింది.

పాదులు తీసే పార చేతికి దొరికింది. కర్ర వైపుతో కొట్టొచ్చు. ఇనుప వైపుతోనే కొట్టాను. చెవి సగం తెగి వేలాడింది. కింద పడ్డాక భుజం మీద మళ్లీ కొట్టాను. మూడోసారి ఎత్తేసరికి ఆయన భార్య పరుగెత్తుకొచ్చి ఆయన మీద అడ్డంగా పడింది.

“అక్కా, సచ్చిపోతడక్కా!”

నిజం చెప్తున్నాను, ఆ మాట వినేదాకా నాకు హాయిగానే ఉంది.

అత్తమ్మనూ ఆయననూ ఒకే ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. ఆయన భార్య కొంగుతో చెవిని అదిమి పట్టుకుంది. రెండు వైపులా కేసులయ్యాయి, తర్వాత పెద్దమనుషులు రాజీ చేశారు. చెట్టు కొట్టేయిస్తానని ఆ రాజీలో నేనే చెప్పాను. ఇంకోసారి పార ఎత్తుతానేమోనని నాకే భయమేసింది.

చెట్టు పడిన రోజు నుంచి అత్తమ్మ నాతో మాటలు మానేసింది. వంకరగా అతికిన మణికట్టుకు నేను నూనె రాస్తుంటే, నెల తర్వాత నోరు విప్పింది.

“వాన్ని కొట్టినవని నేనేమన్న అన్ననా? చెట్టును కొట్టించినవ్, గదే నాకు మనసున వడ్తలేదు.”

మణికట్టుకు మళ్లీ నూనె అద్దాను. పక్కింటాయన ఇప్పటికీ నేను ఎదురొస్తే రోడ్డు అవతలికి మారిపోతాడు. నేను తల దించుకుని నడుస్తాను.